పేరుకు ముందుమాట

సంస్కృత వ్యాకరణం నేర్చుకునే విద్యార్థికి ఉపసర్గ అంటే ఏమిటో చెప్పడానికి గురువులు తరచుగా ఎంచుకునే ధాతువు 'హృ'. దాని నుంచి వచ్చిన 'హార' శబ్దానికి ముందు 'ఆ' చేరితే ఆహారం, 'వి' చేరితే విహారం, 'ప్ర' చేరితే ప్రహారం, 'సం' చేరితే సంహారం. ముందు చేరిన ఒక్క అక్షరం అన్నం పెట్టే మాటను ప్రాణం తీసే మాటగా మార్చేస్తుంది. భాషలో ఇది చమత్కారం. రసాయనశాస్త్రంలో అక్షరాలా నిజం. కార్బన్ డయాక్సైడ్ మనిషి ప్రతి ఊపిరిలోనూ బయటికి వదిలే వాయువు, సోడా సీసాలో బుడగలై పైకి లేచే వాయువు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొని, తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకున్నవారిని నిద్రలోనే చంపే వాయువు. రెండింటిలో ఉన్నవీ అవే రెండు మూలకాలు. తేడా అంతా 'డై', 'మోనో' అనే రెండు చిన్న మాటల్లో ఉంది.

ఈ చిన్న మాటలన్నీ ఒకేసారి పుట్టినవి కావు, ఒకే పని కోసం పుట్టినవీ కావు. కొన్ని ఒక సిద్ధాంతాన్ని మోశాయి. కొన్ని వరుసను, కొన్ని లెక్కను, కొన్ని స్థానాన్ని చెప్పాయి. పదార్థం లోపల ఏముందని ఏ కాలం వారు నమ్మారో, ఆ కాలపు ఉపసర్గలను చూస్తే తెలుస్తుంది. ఆ నమ్మకం తప్పినప్పుడు మనుషులు మూల్యం చెల్లించిన సందర్భాలూ వాటి చరిత్రలో ఉన్నాయి.

ఉపసర్గలు లేని కాలం ఎలా ఉండేదో తెలుగువారు సులభంగానే ఊహించుకోగలరు. పాత పచారీ కొట్లలో మైలుతుత్తం, అన్నభేది, పటిక, సురేకారం, నవాసారం, వెలిగారం పక్కపక్క డబ్బాల్లో ఉండేవి. మైలుతుత్తం రాగి సల్ఫేటు, అన్నభేది ఇనుము సల్ఫేటు. రెండూ ఒకే ఆమ్లానికి పుట్టిన లవణాలు. కానీ వాటి పేర్లు విన్నవారికి ఆ చుట్టరికం తెలిసే మార్గం లేదు. ఐరోపాలోనూ అంతే. ఆంటిమొనీ వెన్న, జింకు పువ్వులు, గంధకపు కాలేయం, విట్రియోల్ నూనె వంటి పేర్లు అక్కడి ప్రయోగశాలల్లో వాడుకలో ఉండేవి. వాటిలో కొన్ని రంగును బట్టి, కొన్ని రూపాన్ని బట్టి, కొన్ని దొరికిన ఊరిని బట్టి, కొన్ని కనుగొన్న మనిషిని బట్టి వచ్చినవి. గ్లౌబర్ లవణంలోనూ, ఎప్సమ్ లవణంలోనూ ఏముందో గ్లౌబర్ అనే మనిషి పేరు గానీ, ఎప్సమ్ అనే ఊరి పేరు గానీ చెప్పదు. నేర్చుకోవాలంటే కంఠస్థం చేయడమే దారి.

ఈ అరణ్యంలో బాట వేసిన పుస్తకం 1787లో పారిస్‌లో వెలువడింది. రసాయన నామకరణ పద్ధతిని ప్రతిపాదించిన ఆ గ్రంథానికి కర్తలు నలుగురు: డీజోన్ నగరానికి చెందిన న్యాయవాది గీటాన్ ద మోర్వో, లావోయిజర్, బెర్తొలే, ఫూర్‌క్రువా. పదార్థం పేరు అందులోని మూలకాలను చెప్పాలన్నది వారి సూత్రం. పేరు చివర చేరే ప్రత్యయం ఆక్సిజన్ ఎక్కువా తక్కువా అన్నది చెప్పాలి. సల్ఫ్యూరిక్, సల్ఫ్యూరస్, సల్ఫేటు, సల్ఫైటు వంటి రూపాలు ఆ పద్ధతిలోనివే. పాత పేరు ఒక పక్క, కొత్త పేరు ఒక పక్క చూపే పట్టికలు కూడా పుస్తకంలో చేర్చారు. నిఘంటువు చేతికిచ్చి కొత్త భాష నేర్పడం వంటిది ఆ పని. పుస్తకం వచ్చిన ఏడేళ్ళకు, 1794 మే 8న, పన్నులు వసూలు చేసే సంస్థలో భాగస్వామి అయినందుకు విప్లవ ప్రభుత్వం లావోయిజర్‌కు గిలెటిన్ శిక్ష విధించింది. ఆయన పేర్లు మాత్రం నిలిచాయి.

అయితే లావోయిజర్ పేర్లలో ఒక సిద్ధాంతం దాగి ఉంది. ఆయనకు ముందువారి పేర్లలోనూ అలాగే ఉండేది. ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ 1774లో ఆక్సిజన్‌ను వేరుచేసినప్పుడు దానికి 'డీఫ్లాజిస్టికేటెడ్ గాలి' అని పేరు పెట్టాడు. మండే ప్రతి వస్తువులోనూ ఫ్లాజిస్టన్ అనే తత్త్వం ఉంటుందని, మంటలో అది బయటికి పోతుందని ఆనాటి నమ్మకం. అది లేని గాలి కనుక ముందు 'డీ' చేరింది. ఫ్లాజిస్టన్ అనేదే లేదని లావోయిజర్ తేల్చాడు. ఆ ఉపసర్గ వర్ణించిన 'లేమి' లేని వస్తువు తాలూకు లేమి. కానీ ఆయన పెట్టిన కొత్త పేరులోనూ పొరపాటు ఉంది. ఆమ్లాలన్నింటికీ పుట్టుక ఈ వాయువే అని నమ్మి, 'ఆమ్లాన్ని పుట్టించేది' అనే అర్థంలో గ్రీకు ధాతువులతో ఆక్సిజన్ అన్నాడు. దాన్నే తెలుగు పాఠ్యపుస్తకాలు 'ఆమ్లజని' అని అనువదించుకున్నాయి. ఉప్పు నుంచి వచ్చే ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదు. ఆ ఆమ్లం నుంచి తీసిన ఆకుపచ్చని వాయువును లావోయిజర్ అనుయాయులు 'ఆక్సీమ్యూరియాటిక్ ఆమ్లం' అన్నారు. అందులో ఆక్సిజన్ ఉండి తీరాలని 'ఆక్సీ' ముందు చేర్చారు. దాన్ని ఎంత విడగొట్టినా ఆక్సిజన్ రాలేదు. 1810లో హంఫ్రీ డేవీ అది స్వయంగా ఒక మూలకమని ప్రకటించి, దాని రంగును బట్టి క్లోరిన్ అని పేరు పెట్టాడు. 'ఆక్సీ' ఊడిపోయింది. 'ఆమ్లజని' మాత్రం తన పాత పొరపాటును మోస్తూనే ఉంది.

తరువాతి అడుగు వరుస. ఒకే లోహం ఆక్సిజన్‌తో రెండు మూడు రకాలుగా కలిసినప్పుడు వాటిని వేరుచేసి చెప్పడానికి 19వ శతాబ్దం తొలినాళ్ళలో స్కాట్లండు రసాయనవేత్త థామస్ థామ్సన్ ఒక ఉపాయం చూపించాడు. ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉన్నది ప్రోటాక్సైడ్, తరువాతిది డ్యూటాక్సైడ్, ఆ పైది ట్రిటాక్సైడ్, అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది పెరాక్సైడ్. ఇవి 'మొదటిది', 'రెండవది', 'మూడవది', 'చిట్టచివరిది' అని చెప్పే మాటలు. 'ఒకటి', 'రెండు', 'మూడు' అని చెప్పేవి కావు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దాని పర్యవసానం పెద్దది. వరుస చెప్పే పేరు కొత్త పదార్థం దొరికిన నాడు మారిపోతుంది. నిన్నటి 'మొదటిది' కంటే తక్కువ ఆక్సిజన్ ఉన్నది రేపు బయటపడితే నిన్నటి పేరు అబద్ధమవుతుంది.

లెక్క చెప్పాలంటే లెక్కపెట్టదగినది ఒకటి ఉండాలి. దాన్ని ఇచ్చినవాడు జాన్ డాల్టన్. 1808లో వెలువడిన ఆయన గ్రంథం పదార్థాలు పరమాణువుల కలయికలని చెప్పింది. 12 గ్రాముల కార్బన్ 16 గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే ఒక వాయువు, 32 గ్రాములతో కలిస్తే మరొకటి. 16కు 32 సరిగ్గా రెట్టింపు కావడం కాకతాళీయం కాదు. ఒకదానిలో ఒక పరమాణువు, మరొకదానిలో రెండు ఉండటమే కారణం. మోనో, డై, ట్రై, టెట్రా అనే గ్రీకు సంఖ్యలకు రసాయనశాస్త్రంలో చోటు దొరికింది ఇక్కడే. తెలుగులో కార్బన్ డయాక్సైడ్‌కు ఉన్న పాత పేరు 'బొగ్గుపులుసు వాయువు'. అందులో పులుపు ఉంది గానీ లెక్క లేదు. కనుక మోనాక్సైడ్‌ను అదే బాణీలో పిలవడానికి ఆ పేరు దారి చూపదు.

అయితే లెక్క కూడా అందరూ ఒకే విధంగా లెక్కపెట్టినప్పుడే పనికొస్తుంది. దీనికి పాదరసం కంటే గొప్ప ఉదాహరణ లేదు.

పాదరసం, క్లోరిన్ కలిసి రెండు పదార్థాలవుతాయి. ఒకటి కాలోమెల్. నీటిలో దాదాపు కరగదు. రెండు శతాబ్దాల పాటు వైద్యులు దాన్ని విరేచనకారిగా విరివిగా వాడారు. పళ్ళు వస్తున్న పసిపిల్లలకిచ్చే పొడుల్లోనూ అది ఉండేది. అదీ నిరపాయకరం కాదని చాలా ఆలస్యంగా తేలింది. రెండవది కొరోసివ్ సబ్లిమేట్. ఇది నీటిలో కరుగుతుంది, కొద్ది గ్రాములు పేగులనూ మూత్రపిండాలనూ నాశనం చేసి ప్రాణం తీస్తాయి. ఈ రెండింటి మధ్య గీత గీయవలసిన బాధ్యత ఉపసర్గ మీద పడింది. 19వ శతాబ్దం తొలి సగంలో పాదరసపు పరమాణుభారం ఎంతన్నదే వివాదం. దాన్ని 200గా తీసుకున్నవారి లెక్కలో కాలోమెల్‌లో ఒక పాదరసానికి ఒక క్లోరిన్, కనుక అది 'క్లోరైడ్'. రెండవది 'బైక్లోరైడ్'. దాన్ని 100గా తీసుకున్నవారి లెక్కలో రెండవదానిలోనే ఒకటికి ఒకటి, కనుక అది 'క్లోరైడ్'. కాలోమెల్ 'సబ్‌క్లోరైడ్'. ఉపసర్గ లేకుండా 'పాదరసపు క్లోరైడ్' అని రాసిన చీటీ ఒక పుస్తకం చదివిన మందుల కొట్టువాడికి విరేచనపు పొడి, మరో పుస్తకం చదివినవాడికి విషం. 1860లో కార్ల్స్‌రూ నగరంలో రసాయనవేత్తలు సమావేశమై, ఇటలీకి చెందిన కన్నిజారో వాదన విన్న తరువాత పరమాణుభారాలపై ఏకాభిప్రాయం క్రమంగా కుదిరింది.

అయినా బైక్లోరైడ్ పేరు ఇళ్ళలో ప్రమాదంగానే నిలిచింది. దాని ద్రావణాన్ని క్రిమిసంహారిణిగా, సుఖవ్యాధుల పుండ్లకు పైపూతగా వాడేవారు. 1920లో అమెరికా మూకీ చిత్రాల తార ఆలివ్ థామస్ పారిస్‌లో ఆ ద్రావణం తాగి, కొద్ది రోజులకే మరణించింది. అంతకు ముందు ఏడాదే, 1919లో, జర్మన్ రసాయనవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ ఒక కొత్త పద్ధతి ప్రతిపాదించాడు. లోహం పేరు పక్కన దాని సంయోజకతను రోమన్ అంకెలో రాస్తే చాలు. కాలోమెల్ పక్కన ఒకటి, సబ్లిమేట్ పక్కన రెండు. పాదరసంతో ఏళ్ళ తరబడి పనిచేసిన స్టాక్ తానే దాని ఆవిరికి లోనయ్యాడు. తలనొప్పి, మతిమరుపు, వినికిడి లోపాలతో బాధపడి, కారణం తెలుసుకున్నాక 1926లో తోటి శాస్త్రవేత్తలను బహిరంగంగా హెచ్చరించాడు. పాదరసపు రెండు ముఖాలను పేర్లలో విడదీసినవాడి ఆరోగ్యాన్ని హరించినదీ పాదరసమే.

లెక్క కుదిరాక మరో చిక్కు వచ్చింది. లెక్కలు సమానంగా ఉన్నా గుణాలు వేరైన పదార్థాలు బయటపడ్డాయి. 1830లో స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ ఈ వింతకు ఐసోమెరిజం అని పేరు పెట్టాడు. అవే పరమాణువులు, అదే సంఖ్య, అమరిక వేరు. 1865లో కెకులే బెంజీన్‌ను ఆరు కార్బన్ల వలయంగా ఊహించాక సమస్య తేటపడింది. వలయం మీద రెండు గుంపులు పక్కపక్కన ఉండవచ్చు, ఒకటి విడిచి ఒకటి ఉండవచ్చు, ఎదురెదురుగా ఉండవచ్చు. వీటికి వరుసగా ఆర్థో, మెటా, పారా అనే గ్రీకు ఉపసర్గలు స్థిరపడ్డాయి. నిఘంటువులో ఆర్థో అంటే తిన్ననిది, మెటా అంటే ఆవలిది, పారా అంటే పక్కది. కానీ రసాయనంలో పారా అన్నది పక్కన లేదు, అన్నిటికంటే దూరంగా, ఎదురుగా ఉంది. ఉపసర్గ తన పాత అర్థాన్ని విడిచి కొత్త నియమానికి లొంగింది.

ఏ పదార్థం ఏ జాతిదో కంటితో చూసే సాధనమేదీ లేని రోజుల్లో, ఇటలీలో స్థిరపడిన జర్మన్ విల్హెల్మ్ కోర్నర్ 1874లో ఒక ముచ్చటైన తర్కం చూపించాడు. రెండు బ్రోమిన్లున్న బెంజీన్‌కు మూడవ బ్రోమిన్ చేర్చాలి. పారా నుంచి ఒకే ఒక కొత్త పదార్థం వస్తుంది, ఆర్థో నుంచి రెండు, మెటా నుంచి మూడు. పుట్టిన బిడ్డలను లెక్కపెట్టి తల్లి ఎవరో చెప్పడం వంటిది ఇది. ఈ స్థానభేదం వైద్యంలో నిత్యం కనిపిస్తుంది. హైడ్రాక్సీబెంజోయిక్ ఆమ్లం ఆర్థో రూపంలో శాలిసిలిక్ ఆమ్లం, అంటే ఆస్పిరిన్‌కు తల్లి. పారా రూపంలో అది సౌందర్య సాధనాలు చెడకుండా కలిపే పారాబెన్‌లకు మూలం. జ్వరం వస్తే తెలుగు ఇళ్ళలో మొదట గుర్తొచ్చే పారాసెటమాల్ పేరులోని మొదటి రెండక్షరాలు కూడా ఆ ఎదురుస్థానాన్నే చెబుతున్నాయి.

స్థానం గురించిన ఆలోచన ఆ దశాబ్దంలోనే మరో చోట ఒక ఉపసర్గను పుట్టించింది. అది గ్రీకు కాదు, సంస్కృతం. మూలకాలను పట్టికగా పేర్చిన మెండలీఫ్ అందులో ఖాళీలు వదిలాడు. ఆ ఖాళీల్లో ఉండవలసిన, ఇంకా ఎవరూ చూడని మూలకాలకు 1871లో ఏక-బోరాన్, ఏక-అల్యూమినియం, ఏక-సిలికాన్ అని పేర్లు పెట్టాడు. తెలిసిన మూలకం నుంచి ఒక గడి దిగితే 'ఏక', రెండు గడులు దిగితే 'ద్వి'. 1875లో గాలియం దొరికింది. దాని సాంద్రత 4.7 అని కనుగొన్న ఫ్రెంచి శాస్త్రవేత్త ప్రకటించగా, మళ్ళీ కొలవమని మెండలీఫ్ రాశాడు. శుద్ధి చేసి కొలిస్తే ఆయన ముందే చెప్పిన 5.9 వచ్చింది. 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం దొరికి మిగిలిన రెండు గడులు నిండాయి. సంస్కృతమే ఎందుకన్న ప్రశ్నకు భాషాశాస్త్రవేత్త పాల్ కిపార్‌స్కీ ఒక ఊహ చెప్పాడు. పాణిని అష్టాధ్యాయిని ఐరోపాలో సంపాదకీయం చేసిన బోట్లింక్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మెండలీఫ్‌కు సమకాలికుడు. వర్ణమాలను ఉచ్చారణ స్థానాలను బట్టి వరుసలుగా పేర్చిన పద్ధతి రష్యన్ శాస్త్రవేత్తను ఆకర్షించి ఉండవచ్చునని ఆయన అభిప్రాయం. క, చ, ట, త, ప వర్గాలను అడ్డంగానూ నిలువుగానూ వల్లించిన తెలుగు పాఠకుడికి ఆ ఊహ వినగానే ముచ్చటేస్తుంది. అది ఊహే గానీ రుజువు కాదు. 'ఏక' అన్న మాట మాత్రం ఆయన పట్టికలో నిజంగా ఉంది.

ఒకే తలంలో స్థానం చెప్పాక, ఏ వైపు అన్నది చెప్పవలసి వచ్చింది. అందుకు లాటిన్ నుంచి 'సిస్', 'ట్రాన్స్' వచ్చాయి. ఆల్ప్స్ పర్వతాలకు ఈవల ఉన్న గాల్ దేశాన్ని, ఆవల ఉన్న గాల్ దేశాన్ని రోమన్లు ఈ మాటలతోనే వేరుచేసి పిలిచేవారు. 1844లో మికేలె పెయ్‌రోనె అనే ఇటాలియన్ ప్లాటినంతో ఒక పసుపుపచ్చని లవణం తయారుచేశాడు. ప్లాటినం చుట్టూ రెండు అమ్మోనియాలు, రెండు క్లోరిన్లు. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ వాటి అమరిక చదరమని గ్రహించి, ఒకే రకం గుంపులు ఒకే వైపున ఉన్నది సిస్, ఎదురెదురుగా ఉన్నది ట్రాన్స్ అని తేల్చాడు. ఆ పదార్థం శతాబ్దానికి పైగా సీసాలో ఊరకే ఉంది. 1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్, విద్యుత్తు ప్రవహిస్తున్న ప్లాటినం కడ్డీల మధ్య సూక్ష్మజీవుల విభజన ఆగిపోవడం చూశాడు. ఆపినది విద్యుత్తు కాదు, కడ్డీల నుంచి కరిగి వచ్చిన ప్లాటినం సమ్మేళనాలు. 1978లో వృషణాల, అండాశయాల కాన్సర్లకు మందుగా ఆమోదం పొందిన సిస్‌ప్లాటిన్ అలా వచ్చింది. అవే పరమాణువులున్న ట్రాన్స్ రూపం కాన్సర్‌కు మందుగా పనిచేయలేదు.

1892లో జెనీవాలో రసాయనవేత్తలు సమావేశమై సేంద్రియ పదార్థాల పేర్లకు అంతర్జాతీయ నియమాలు రాయడం మొదలుపెట్టారు. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఆ పనిని నేటికీ కొనసాగిస్తోంది. అలా పేర్లు బారెడు పొడుగయ్యాయి. కానీ తెలిసినవాడికి ఆ పేరే అణువు చిత్రపటం. ఈ మాటకు తెలుగు నేలతో చుట్టరికమున్న నిదర్శనం ఒకటుంది.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకుడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని ఛేదించి, దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ అణువు మధ్యలో ఉన్నది పారా-అమైనోబెంజోయిక్ ఆమ్లం. ఒక చివర టెరిన్ వలయం, మరో చివర గ్లూటమిక్ ఆమ్లం. ఆ వలయం మీద నాలుగవ స్థానంలో ఉన్న ఆక్సిజన్‌ను తీసి అమైనో గుంపును ఉంచితే వచ్చినది అమైనోటెరిన్. కణవిభజనకు కావలసిన విటమిన్‌కు అది వేషధారి. కణం దాన్ని విటమిన్ అనుకొని పట్టుకొని, పని ఆపేస్తుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకీమియా పిల్లలకు ఇచ్చాడు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లలకుగాను 10 మందిలో మెరుగుదల కనిపించింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. కానీ అంతవరకు ఆ వ్యాధికి అటువంటి ఉపశమనం కూడా ఉండేది కాదు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే మరణించాడు. అమైనోటెరిన్‌కు పదవ స్థానంలో ఒక మిథైల్ గుంపు చేర్చినది మెథోట్రెక్సేట్. 1956లో అది మాయనుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే కాన్సర్‌ను నయం చేసింది. నేడు కీళ్ళవాతం ఉన్నవారు దాన్ని వారానికొకసారి తీసుకుంటున్నారు.

ఆ ప్రయోగశాల నుంచే ఫైలేరియా మందు డైఇథైల్‌కార్బమజీన్ వచ్చింది. బోదకాలు బెడద ఉన్న కోస్తా జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన 'డీఈసీ మాత్రలు' అవే. ఆ మూడక్షరాల్లో మొదటిది 'డై', అంటే అణువులో ఇథైల్ గుంపులు రెండున్నాయని చెప్పే గ్రీకు సంఖ్య. మందు పేరులో సుబ్బారావు పేరు లేదు. గ్లౌబర్ లవణం నాటి పద్ధతి సాగివుంటే బహుశా ఉండేది. ఆ పేరు చెబుతున్నది అణువులో ఏముందో అంతే. భీమవరం చుట్టుపక్కల ఆ మాత్ర మింగినవారిలో చాలామందికి అది తమ ఊరివాడి చేతిమీదుగా వచ్చిందని తెలియదు.